మనిషి చెయ్యి తగలని మందు

"ఇకమీదట ఈ రాష్ట్రంలో కొత్త మందు కనిపెట్టడానికి మనిషి చెయ్యి తగలనక్కర్లేదు!" అని మంత్రిగారు ప్రకటించగానే విశాఖపట్నం చప్పట్లతో మారుమోగింది. తవిటయ్య కూడా కొట్టాడు. తగలనక్కర్లేని చేతులు ముఖ్యంగా తనవేనని పాపం అతనికింకా తట్టలేదు.

తీరాంధ్ర కళాశాల కెమిస్ట్రీ ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా అతను రోజుకూలీ అటెండరు. కలపడం, కాచడం, వడపోయడం, ఆరబెట్టడం అతని పని. దాంతో పేరు తెచ్చుకోవడం ప్రొఫెసర్ రమణమూర్తిగారి పని. "ఈ ఏడు నిన్ను పర్మనెంటు చేయిస్తానోయ్" అని ఆయన తొమ్మిదేళ్లుగా మాట తప్పకుండా చెబుతున్నారు. ఇంతలో 1986 వచ్చింది. కళాశాలా, ఒక మందుల కంపెనీ కలిసి, ఆ పనులన్నీ కంప్యూటర్ చెప్పినట్టు తనంతట తానే చేసుకుపోయే యంత్రాన్ని ఓడలో తెప్పించాయి.

మంత్రిగారిది గొప్ప శాస్త్రీయ దృక్పథం. యంత్రానికి పసుపు రాయించి, కుంకుమ పెట్టించి, కొబ్బరికాయ దాని నెత్తినే కొట్టారు. గ్లాసుడు నీళ్లు గాలి కన్నాల్లోంచి లోపలికి దిగాయి. యంత్రం టప్పుమని, ఆ తర్వాత నోరు మూసుకుంది.

"చూశారా, ఎంత నిశ్శబ్దంగా పనిచేస్తోందో!" అన్నారు మంత్రిగారు.

ఆయన భోంచేసి వచ్చేసరికి మొదటి మందు చూపించాలి. ప్రొఫెసర్‌గారు తవిటయ్యని పక్కకి లాగారు.

"యంత్రం వెనకాల కూచుని రోజూ చేసేదే చెయ్యి. సరుకు ఈ గొట్టంలోంచి బయటికి తొయ్యి."

"సేత్తాను బాబూ. మరి నా పర్మనెంటు?"

"ఈ ఏడే!"

మంత్రిగారు వచ్చారు. గొట్టంలోంచి తెల్లని పొడి జలజలా రాలింది. ఆయన కళ్లు చెమర్చాయి.

"మనిషి చెయ్యి తగిలిందా?"

"అబ్బే, లేదండి" అన్నారు ప్రొఫెసర్‌గారు.

"మరి ఇంకా ల్యాబులో రోజుకూలీ అటెండరు దేనికయ్యా? తీసెయ్యండి."

వేడి గాజుకుప్పె పట్టుకుని, యంత్రం వెనకనుంచే తవిటయ్య ఆ ఆర్డరు విన్నాడు. చెయ్యి చుర్రుమన్నా కిక్కురుమనలేదు. అరిస్తే ఇన్నాళ్ల పర్మనెంటు ఆశ కూడా పోతుందని భయం.

"సేసీసినారేటి పర్మనెంటు?" అంది ఇంట్లో పెళ్లాం పైడితల్లి.

"పన్లోంచి తీసీసినారే. మిసను బాగా పన్జేత్తందట."

"మిసను పన్జేసిందేటి?"

"నానే కదే!"

"అయితే నీ కూడు నువ్వే బాగా కాలదన్నుకున్నావన్నమాట!" అని ఆమె తలబాదుకుంది. తవిటయ్యకి ఏడుపొచ్చింది.

మూడో రోజుకల్లా ప్రొఫెసర్‌గారు గుమ్మంలో నిలబడ్డారు. కంపెనీవారు మరో ఇరవై మందులు కావాలన్నారట.

"పోస్టు నేదు కదా బాబూ?"

"పోస్టు లేకపోతేనేం? యంత్రానికి విడిభాగాలు పెట్టుకోవచ్చు. నిన్ను ఆ లెక్కలో రాస్తాను. ఇదీ పర్మనెంటే!"

ఏడాది తిరిగేసరికి యంత్రం కీర్తి ఢిల్లీ దాకా పాకింది. హైదరాబాదు నుంచి స్టాకు తనిఖీ అధికారి రిజిస్టరుతో, రంగు డబ్బాతో దిగాడు. ఒక్కో వస్తువుకీ నంబరు వేసుకుంటూ వచ్చి ఆగాడు.

"విడిభాగాలు పన్నెండని ఉంది. పదకొండే కనిపిస్తున్నాయే?"

ప్రొఫెసర్‌గారు దగ్గారు. యంత్రం వెనకనుంచి తవిటయ్య లేచి నిలబడ్డాడు.

అధికారి అతన్ని ఎగాదిగా చూసి, రిజిస్టరు చూసి, కుంచెని తెల్లరంగులో ముంచాడు.

"చొక్కా తీసి అటు తిరుగు."