మార్షల్ చేతి చలవ

“సంగీతం ఎవడబ్బ సొత్తూ కాదు! అది సమష్టి కృషి!”

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని తన రికార్డింగ్ స్టూడియోలో ఎజికియల్ పింక్నీ ఈ మాట గుండెల మీద చెయ్యేసుకుని మరీ ప్రకటించేవాడు. ఆ సమష్టి కృషి రికార్డై బయటికొచ్చేసరికి చీటీ మీద ఒక్కటే పేరుండేది: మార్షల్ పింక్నీ. ఏ సైన్యానికి మార్షలో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు కనుక సన్మానసభ ఖర్చు కూడా కలిసొచ్చింది.

బాస్ గిటార్ వాయించే రూపర్ట్‌కి దీంతో ఇంట్లో పరువు దక్కలేదు. చేపలు వేయించి అమ్మే అత్తగారు మిస్ అడినా రోజూ దెప్పేది. “పొద్దస్తమానం స్టూడియో, స్టూడియో అంటావు. రేడియోలో ఒక్కసారైనా నీ పేరు వినబడిందా అల్లుడూ? అసలు వాయిస్తున్నావా, నిద్రపోతున్నావా?”

చివరికి రూపర్ట్ నోరు తెరిచాడు. “మార్షల్, ఈ ఒక్క రికార్డు మీదైనా నా పేరెయ్యండి.”

“పేరాశ పనికిరాదు తమ్ముడూ! కళాకారుడికి వినయమే కిరీటం.”

“మరి మీకో?”

“నాకా కిరీటం పట్టదయ్యా. తల పెద్దది!”

అంతటితో ఆగితే మార్షల్ ఎందుకవుతాడు? మైకు లాక్కుని ఆ పాట మీదే గొంతు రికార్డు చేయించాడు: “ఈ పాట చేసింది రూపర్ట్ అనుకుంటున్నారా? నేను, మార్షల్‌ని!” రూపర్ట్ తలవంచుకుని తీగలు తుడుచుకున్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

రికార్డు రెండోవైపుకి డబ్ తయారుచేయడం ఇంజనీరు స్టాన్‌ఫర్డ్ పని. పాటలోంచి గొంతులు తీసేస్తాడు, గిటార్ మాయం చేస్తాడు, బాస్, డ్రమ్స్ మిగులుస్తాడు, నచ్చిన మాటొకటి ప్రతిధ్వనిలో సాగదీస్తాడు. అతను మీటల దగ్గర చెమటోడుస్తుంటే, మార్షల్ బయట చెట్టు కింద డొమినోలు ఆడుతుండేవాడు. ఆ డబ్ ఒక్కసారి వినిచూసే ఓపిక కూడా ఆయనకు లేదు.

ఆదివారం మధ్యాహ్నం మార్షల్ రికార్డులు వేసే ఆరుబయటి డ్యాన్సుకి జనం విరగబడ్డారు. మిస్ అడినా ఓ మూల మూకుడు పెట్టింది. మార్షల్ కొత్త డబ్‌ని పైకెత్తి చూపించాడు.

“ఇందులో ఒక్క మాట ఉంచినా, తీసినా ఈ చేతులతోనే!”

ముల్లు వేశాడు. బాస్ దెబ్బకి మూకుట్లో చేపలు గంతులేశాయి. అంతలో వాద్యాలన్నీ ఆగిపోయి మార్షల్ గొంతొక్కటే వినిపించింది.

“ఈ పాట చేసింది రూపర్ట్... రూపర్ట్... రూపర్ట్...”

మిగతా వాక్యం లేదు! పక్కనే నిలబడ్డ స్టాన్‌ఫర్డ్ తన గోళ్ళను మహాశ్రద్ధగా పరిశీలించుకుంటున్నాడు.

“నీ రికార్డులో ఇంకొకడి పేరా! ఎంత పెద్ద మనసయ్యా మార్షల్!” అంటూ జనం ఆయన్ని వాటేసుకున్నారు.

మార్షల్ ఇరుక్కుపోయాడు. డబ్ తను చేయలేదంటే చేతుల గొప్ప పోతుంది. చేశానంటే పాట రూపర్ట్‌దవుతుంది. “సమష్టి కృషి కదా...” అని పంటినొప్పి వచ్చినవాడిలా నవ్వాడు.

“అన్నిసార్లు పిలుస్తుంటే పలకవేం అల్లుడూ?” అంటూ మిస్ అడినా అన్నిటికన్నా పెద్ద చేప రూపర్ట్ చేతిలో పెట్టింది. అతనికి కళ్ళు చెమర్చాయి, సంతోషంతోనే.

ఇంతలో జనం చుట్టూ ఉన్న రేకు కంచెని దబదబా బాదారు. “మళ్ళీ! మొదట్నుంచీ!” నచ్చిన పాటని అక్కడికక్కడే ఆపి మళ్ళీ వేయకపోతే కింగ్‌స్టన్‌లో ఎవ్వరూ ఊరుకోరు.

మార్షల్ ముల్లు ఎత్తి, మళ్ళీ మొదట్లో పెట్టాడు. ఆ డబ్ కోసం ఆయన చేతులు నిజంగా కష్టపడింది అప్పుడే.