తాళాలయ్య కాపాడిన బ్యాటరీ

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. అంత దూరాన కూర్చుంటే నా మాట సగం గాలికే పోతుంది. తాళాలయ్య ఇంటికి ల్యాప్‌టాప్ వచ్చిన సంగతి చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. మధ్యలో నేను కాస్త ఆగితే మాత్రం తొందరపెట్టకండి.

తాళాలయ్య ఫ్యాక్టరీలో విడిభాగాల స్టోరు చూసినవాడు. ముప్పై ఏళ్ళపాటు, చీటీ లేనిదే ఆయన చేతిలోంచి ఒక్క మేకు బయటికి వచ్చింది కాదు. సాక్షాత్తూ మేనేజరు వచ్చి నిలబడినా "చీటీ ఏదండీ?" అనేవాడు. రిటైరయ్యాక స్టోరును వదిలాడుగానీ ఆ బుద్ధిని వెంట తెచ్చుకున్నాడు. ఇంట్లో కొత్తది ఏదొచ్చినా బీరువాలోకే. వాన పడితే పాత గొడుగు కింద సగం తడుస్తూ వెళ్ళి, కొత్త గొడుగు తడవనందుకు మురిసిపోయే మనిషి.

ఆయన భార్యను అందరూ మైకమ్మ అనేవారు. బస్‌స్టేషన్లో ఇరవై ఆరేళ్ళు మైకు ముందు కూర్చుని బస్సులు చెప్పింది. "బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అని ఆవిడ అంటే, కునుకు తీసే డ్రైవరు ఉలిక్కిపడి స్టీరింగు పట్టుకునేవాడు. వంటింట్లో మొగుణ్ణి పిలిస్తే వీధి చివర ఇంకెవరి మొగుడో పలికేవాడు. అంత గొంతు.

ఆ గొంతులోనే గడ్డ లేచింది.

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. స్వరపేటిక మొత్తం తీసేయాలి, మనిషి దక్కుతుంది, మాట మాత్రం దక్కదు అన్నాడు. ఆపరేషను ఇరవై రోజుల్లో.

వాళ్ళ కూతురికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. కబురు తెలిసిన మూడో రోజుకల్లా కొత్త ల్యాప్‌టాప్ పంపించింది. ఇంట్లో ఉన్నవి రెండూ బటన్ల ఫోన్లే. వాటిలో దాచిన మాట డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది.

"అమ్మా, నా బిడ్డకి నీ గొంతు కావాలే. కథలు చెప్పు, పాటలు పాడు, ఏమీ తోచకపోతే నాన్నను తిట్టు. అన్నీ ఇందులో దాచు," అంది ఫోన్లో.

"మూడోది సులువు," అంది మైకమ్మ.

పెట్టె తెరిచారు. మైకమ్మ ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేయబోయింది. తాళాలయ్య కాగితం చదువుతూ అడ్డం పడ్డాడు.

"ఆగు! ముందు చార్జింగ్ పెట్టాలట."

"పెట్టండి."

"బ్యాటరీ ఇరవై శాతానికి దిగకూడదట, ఎనభై దాటకూడదట. వేడి తగలకూడదట. పరుపు మీద పెట్టకూడదట."

"ల్యాప్‌టాప్ గురించేనా, కొత్త అల్లుడి గురించా?"

ఆయన నవ్వలేదు. తెర మీద పాస్‌వర్డు అడిగితే, ఒక చెయ్యి మూతలా పెట్టి రెండో చేత్తో నొక్కాడు. కానీ ముప్పై ఏళ్ళు నట్ల నంబర్లు, బోల్టుల నంబర్లు పైకి చదివి రాసుకున్న నోరు అది, ఊరుకుంటుందా? "నాలుగు... నాలుగు... ఏడు... సున్నా..." అంటూ గట్టిగా చదువుకుంటూనే పెట్టాడు. మైకమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఎనభై రాగానే తీసి, చెక్క బీరువాలో పెట్టి, రెండు తాళాలు వేశాడు. చార్జరును మాత్రం తన చేతిసంచిలో వేసుకున్నాడు. రోజూ లైబ్రరీకి వెళ్ళినా అది ఆయన వెంటే. కూరగాయలకు వెళ్ళినా వంకాయల మధ్య పడి వెళ్ళేది.

"మరి నేను రికార్డు చేసేదెప్పుడు?" అని అడిగింది ఆవిడ.

"కొత్త బ్యాటరీ. నాలుగు రోజులు స్థిమితపడనీ."

"దానికి నాలుగు రోజులు. నాకెన్ని రోజులో లెక్క తెలుసా మీకు?"

ఆయన సంచీ తీసుకుని బజారుకు వెళ్ళిపోయాడు. కూరగాయలు అప్పటికే తెచ్చి ఉన్నాయి.

మైకమ్మకు స్టోరు పద్ధతి తెలుసు. మర్నాడు చీటీ రాసి ఆయన కళ్ళజోడు కింద పెట్టింది. "వస్తువు: ల్యాప్‌టాప్. కారణం: గొంతు." కాసేపటికి చీటీ వెనక్కి వచ్చింది. "నామంజూరు. బ్యాటరీ విశ్రాంతిలో ఉన్నది." ఇంకో చీటీ వెళ్ళింది: "నేను కూడా త్వరలో పూర్తి విశ్రాంతిలోకి పోవుచున్నాను." ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాడు.

ఆయన బాధ మీకు అర్థమయ్యే ఉంటుంది. మాటను దాచుకోవడం మొదలుపెడితే, అది పోతుందని ఒప్పుకున్నట్టే కదా! రికార్డు ఆగితే ఆపరేషను కూడా ఎక్కడో ఆగుతుందని, ఎవరికీ చెప్పుకోలేని ఒక పిచ్చి ఆశ ఆయనది. ఆ ఆశకు బ్యాటరీ అని పేరు పెట్టుకున్నాడు.

అయితే నాలుగో రోజు సాయంత్రం తాళాలు తీసి చూస్తే, ఎనభై కాస్తా ముప్పై ఒకటి అయింది.

"ఏమే! ఇది చూశావా? వాడకుండానే అయిపోతోంది!"

"లోకంలో చాలా వస్తువులంతే," అంది మైకమ్మ కూర తరుగుతూ.

మళ్ళీ ఎనభై దాకా ఎక్కించి తాళాలు వేశాడు. మర్నాడు ఇరవై ఎనిమిది! వేడికేమో అనుకుని బీరువాను గోడ దగ్గరనుంచి జరిపి, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునూ దానివైపు తిప్పాడు. తాను విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నాడు.

"బీరువాకి చెమట పడుతోందా?" అందావిడ.

"నీకు వేళాకోళంగా ఉంది. లోపల దానికేదో జబ్బుంది."

"ఉంటే ఏం చేస్తాం? తాళం వేస్తే జబ్బు ఆగుతుందా?"

ఆయన ఫ్యాను ఇంకాస్త పెంచాడు. రోజూ సాయంత్రం ఎనభైకి ఎక్కించేవాడు, మర్నాటికల్లా అది దిగిపోయేది.

ఆపరేషను రేపనగా, బ్యాటరీ ఆరు శాతానికి దిగిపోయింది. ఇక తాళాలయ్య ఆగలేకపోయాడు. ఇన్నాళ్ళూ తాను చేసిన పని ఒక్కసారిగా గుండెల మీద కూర్చుంది. రేపటినుంచి ఆ గొంతు ఉండదు, ఒక్క మాటైనా దాచలేదు, దాచడానికున్న వస్తువేమో పాడైపోయింది. ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రిపేరు షాపుకి పరిగెత్తాడు.

"అమ్మా, దీన్ని మధ్యాహ్నంలోగా బతికించాలి. ఎంత తాళం వేసి ఉంచినా బ్యాటరీ కారిపోతోంది."

షాపులో రిపేరు చేసే అమ్మాయి చార్జరు తగిలించి, పాస్‌వర్డు చెప్పించుకుని, ఏవేవో నొక్కి చూసింది.

"బ్యాటరీ బ్రహ్మాండంగా ఉందండీ. ఎవరు వాడతారు దీన్ని?"

"ఎవరూ వాడరమ్మా. బీరువాలో ఉంటుంది."

"అయితే మీ బీరువా రోజూ మూడు గంటలు మాట్లాడుతోందండీ. నలభై మూడు రికార్డింగులున్నాయి ఇందులో."

ఒకటి నొక్కింది. షాపంతా ఆ గొంతు నిండిపోయింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! అమ్మ కడుపునుండి బయలుదేరిన బస్సు త్వరలో మన ఇంటికి చేరుచున్నది. లోపలనున్న చిన్న ప్రయాణికులు తొందరపడక, తల ముందుగా దిగవలెను!"

షాపులో ఉన్న నలుగురూ తలెత్తారు. "అరె, బస్‌స్టేషన్ అమ్మ కదూ!" అంటూ ఒకాయన నవ్వాడు. అందరూ నవ్వారు. గొంతు మాత్రం ఆగలేదు. ఈసారి మైకు గొంతు కాదు, ఇంట్లో గొంతు.

"బంగారం, నేను మీ అమ్మమ్మను. మీ తాతయ్య లైబ్రరీకి వెళ్ళాడు. బీరువాకి ముందువైపు రెండు తాళాలు వేశాడుగానీ, వెనక చెక్కకి ఉన్నవి రెండు మేకులే. ఆయన వచ్చేలోగా మనం కథ చెప్పేసుకుందాం. నేను చెబుతున్నానని ఆయనకు తెలియకూడదమ్మా. వింటే ఏడుస్తాడు. ఆయన ఏడిస్తే నాకు గొంతు పెగలదు."

తాళాలయ్య అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. షాపు అమ్మాయి ఆపేసి, మంచినీళ్ళు ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు.

ఇంటికొచ్చేసరికి మైకమ్మ ఆసుపత్రికి బట్టలు సర్దుకుంటోంది.

"ఏమన్నారు?"

"బ్యాటరీ బాగానే ఉందట."

"మరి?"

"వాడేవాళ్ళే బాగా వాడుతున్నారట."

ఆవిడ చీర మడత పెట్టడం ఆపింది. "రోజూ సాయంత్రం మీరు ఓపిగ్గా ఎక్కించి పెట్టబట్టేగా! లేకపోతే వారం తిరక్కముందే నా కథ ముగిసేది."

తాళాలయ్య మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, సూట్‌కేసులో తల పెట్టి బట్టలు వెతుకుతున్నట్టు నటించాడు.

"ఇంకొక్కటే మిగిలింది," అంది మైకమ్మ. "రేపటినుంచి మీతో నేనెలా పోట్లాడను? మీరనే మాటలు ముప్పై ఏళ్ళుగా అవే కదా. మీరు ఒక్కొక్కటీ అనండి, జవాబు నేను రికార్డు చేసిపెట్టుకుంటాను."

ఆయన సూట్‌కేసు మూత వేశాడు, మళ్ళీ తెరిచాడు.

"అనండీ! మధ్యాహ్నానికి వెళ్ళాలి."

"కూ... కూరలో ఉప్పు తక్కువైంది."

"నాలిక పొడుగైంది!" అంది ఆవిడ, మైకు గొంతుతో.

అలా ఇరవై ఏడు జవాబులు. పన్నెండో దానికే ఆయన ఏడుపు రికార్డులో పడింది. ఆవిడ చెరపనివ్వలేదు.

ఆపరేషను జరిగింది. మనిషి దక్కింది. నెల తిరక్కముందే మనవరాలు పుట్టింది. అది ఎంత గుక్కపెట్టినా, "ప్రయాణికులకు విజ్ఞప్తి" వినపడగానే ఠక్కున ఆపి చెవులు రిక్కిస్తుంది. అది నవ్వితే మైకమ్మ కూడా నవ్వుతుంది, చప్పుడు లేకుండా.

ల్యాప్‌టాప్ ఇప్పుడు భోజనాల బల్ల మీదే ఉంటుంది. ఆయన ఒకటి అనగానే ఆవిడ ఒకటి నొక్కుతుంది. మొన్న పెద్ద గొడవే అయింది, గొడుగు గురించి. ఆవిడ తొమ్మిదో జవాబు నొక్కబోతుంటే, తెర మీద ఎర్రగా వెలిగింది. మూడు శాతం.

ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు, జీవితంలో మొదటిసారి తాళాలయ్య గెలిచేవాడు. ఆయన గబగబా లేచాడు. కుర్చీ పడిపోయింది. వెతికి వెతికి చార్జరు తెచ్చి గుచ్చి, దీపం వెలిగిందో లేదో వంగి చూసుకున్నాడు.

"ఊఁ, వచ్చింది. ఇప్పుడు అను," అన్నాడు.

ఆవిడ నొక్కింది.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి నాయనా. మీ ఇంట్లోవాళ్ళకూ చెప్పండి. చెప్పేటప్పుడు తాళాలయ్యను చూసి నవ్వేలా చెప్పండి, పరవాలేదు. మైకమ్మ మాటలు మాత్రం కాస్త గట్టిగా, గొంతెత్తి చెప్పండి.