పొరుగువారి ప్రేమకు పార్కింగు

మన సంఘం ఇకపై ప్రజా జీవితానికి దూరంగా ఉండబోదని పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో ప్రకటించారు. తొలిమెట్టుగా "పొరుగువారి ప్రేమ: సమాజంలో విశ్వాసి బాధ్యత" అనే సదస్సు పెడుతున్నామని, దానికి సాక్షాత్తు మంత్రిగారే వస్తున్నారని చెప్పారు. మంత్రిగారి పేరు వినగానే నేనన్నంత గట్టిగా ఆమేన్ ఇంకెవరూ అనలేదు. సంఘానికి సహాయ కార్యదర్శిని మరి.

మంత్రిగారు వస్తే కార్లు వస్తాయి. కార్లకు చోటు కావాలి. మా చర్చి గోడనానుకుని, సంఘం స్థలంలోనే, ఒక రేకుల ఇల్లుండేది. అందులో టైలరమ్మ అద్దెకుండేది. ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో వంటా పడకా. మా పాటల బృందం తొడుక్కునే తెల్లంగీలన్నీ ఆవిడ కుట్టినవే. కమిటీ మోకరించి ప్రార్థించింది. లేచేసరికి ఆ ఇల్లు అందరి కళ్లకూ పార్కింగులాగే కనిపించింది. దైవచిత్తం ఇంత తేటగా తెలియడం మా కమిటీ చరిత్రలో అదే మొదలు.

కబురందుకుని టైలరమ్మ పాస్టరుగారి దగ్గరికి వచ్చింది.

"అయ్యగారూ, ఇల్లు పోతే మా అక్క దగ్గర తలదాచుకుంటాను. కానీ నా బేరాలన్నీ ఈ వీధిలోనే. గేటు పక్కన మిషను పట్టేంత చోటిప్పించండి. అదీ లేకపోతే నాకు పూట గడవదు."

"ప్రార్థనలో పెడతానమ్మా."

"ప్రార్థనలో వద్దండీ, గేటు పక్కన పెట్టండి చాలు."

పాస్టరుగారు అప్పటికే కళ్లు మూసుకున్నారు. మా సంఘంలో ఏ విన్నపమైనా ముందు ప్రార్థనలోకే వెళుతుంది. బయటికి వచ్చినవి మాత్రం నేనెరగను.

ఇల్లు కూల్చేశారు. నేల చదును చేసి, సున్నంతో కారుకో గీత గీశారు. చూడముచ్చటగా ఉంది.

సదస్సుకు ముందురోజు మంత్రిగారి పీఏ ఏర్పాట్లు చూడడానికి వచ్చాడు.

"సార్ ఒక పేద పొరుగింటి తలుపు తట్టాలి. ఆవిడ తీయాలి. సార్ లోపలికెళ్లి మంచినీళ్లు తాగాలి. ఫోటో. ఇంతకీ ఆ పొరుగిల్లేది?"

పాస్టరుగారు నా వైపు చూశారు.

"మొన్నటిదాకా ఉండేదండీ" అన్నాను.

"ఇప్పుడు?"

"అక్కడ మీ కారుందండీ."

పీఏ ఏమాత్రం తొణకలేదు. అందుకే ఆయన పీఏ అయ్యాడు. "అయితే ఒకటి కట్టించండి" అన్నాడు.

సాయంత్రానికల్లా టెంటుహౌసు వాళ్లు చర్చి వేదిక మీద ప్లైవుడ్ ఇల్లు నిలబెట్టారు. కిటికీకి కర్టెన్, తలుపుకి నిజమైన గొళ్లెం. కూల్చినదాని కంటే ఇదే బాగుందని కమిటీ నిజాయితీగా ఒప్పుకుంది. పేదరాలు కావాలి కాబట్టి మర్నాడు టైలరమ్మను వాళ్ల అక్క ఇంటినుంచి మిషనుతో సహా కారులో తెప్పించాం.

"చూశావామ్మా, చోటు దొరికింది" అన్నారు పాస్టరుగారు.

"ఎన్నాళ్లుండనిస్తారండీ?"

"భోజనాల వేళదాకా."

 ఆవిడ కొంగుకి చిన్న మైకు తగిలించి లోపలికి పంపాం.

హాలు కిక్కిరిసింది. "రాజకీయమంటే పొరుగువాడి తలుపు తట్టడమే" అని మంత్రిగారు సెలవిచ్చారు. నా కళ్లు చెమర్చాయి. ఆయన వెళ్లి తలుపు తట్టారు. లోపల గొళ్లెం పడ్డ చప్పుడు మైకులో హాలంతా వినిపించింది.

"అమ్మా, నేను మంత్రిని."

"తెలుసండీ."

"తలుపు తీయమ్మా."

"తీస్తానండీ. తీశాక నన్నూ నా మిషన్నూ ఎక్కడికి పొమ్మంటారో అది ముందు చెప్పండి."

మంత్రిగారు పీఏని చూశారు. పీఏ పాస్టరుగారిని చూశాడు. పాస్టరుగారు నన్ను చూశారు. నా వెనక గోడ తప్ప ఎవరూ లేరు. "ప్రార్థిద్దాం" అన్నారు పాస్టరుగారు, సమయస్ఫూర్తితో. ప్రార్థన జరుగుతున్నంతసేపూ మైకులో మిషను తొక్కుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కళ్లు తెరిచేసరికి మంత్రిగారు లేరు, కార్లూ లేవు.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. చెయ్యెత్తి తలుపు ముందు మంత్రిగారు. కింద "నిరుపేద మహిళకు ఇల్లు అందజేసిన మంత్రి" అని రాశారు. టైలరమ్మ ఆ ముక్క కత్తిరించి తలుపుకి బయట అంటించి, మళ్లీ గొళ్లెం వేసుకుంది. ఇల్లు విప్పడానికి వచ్చిన టెంటుహౌసు వాళ్లు అది చదివారు.

"మంత్రిగారిచ్చిన ఇల్లు మేం ముట్టుకోం బాబూ" అని వెళ్లిపోయారు. ముట్టుకుంటే మంత్రిగారిని అవమానించినట్టేనని కమిటీ కూడా ఏకగ్రీవంగా తీర్మానించింది. వీధిలో వాళ్లు జాకెట్లు పట్టుకుని, చెప్పులు బయట విడిచి, వేదికెక్కి వస్తున్నారు. కొలతలు టైలరమ్మ కిటికీలోంచే తీసుకుంటోంది.

వేదిక ఖాళీ లేక హాల్లో కుదరలేదు కాబట్టి, పోయిన ఆదివారం ఆరాధన పార్కింగులో పెట్టాం. గీతకీ గీతకీ మధ్య ఒక్కో కుటుంబాన్ని కూర్చోబెట్టాం. పాస్టరుగారు ఎండలో నిలబడి వాక్యం చెప్పారు. కమిటీకి చోటు చాలలేదు. మేం గోడవతల రోడ్డు మీద నిలబడి విన్నాం.