ఉమ్ సలాల్ బురద

ఖతర్‌లో బురద నేల లేదన్న లోటు 1994 మార్చిలో తీరిపోయింది. ఉమ్ సలాల్ దగ్గరి ఒక ఖర్జూర తోటలో ఒక కన్సల్టెన్సీ కంపెనీవారు పెద్ద గుంత తవ్వించి, అడుగున ప్లాస్టిక్ పరిచి, ఐరోపా నుంచి ఓడలో తెప్పించిన పీట్ మట్టి నింపారు. చల్లని దేశాల్లో నాచూ తుంగా వేల ఏళ్ళు నీళ్ళలో కుళ్ళితే తయారయ్యే నల్లమట్టి అది. ఆ వేల ఏళ్ళ పనిని కంపెనీవారు తొమ్మిది రోజుల్లో ముగించి రిబ్బన్ కత్తిరించారు.

ఆ బురదలో నీరూ మొక్కలూ కాలక్రమాన ఎలా మారుతున్నాయో కొలిచే మహత్కార్యం వేణుగోపాలరావుకు అప్పగించారు. ఆయన జలశాస్త్రంలో డాక్టరేటు, కైకలూరు వాస్తవ్యుడు. కొల్లేటి బురదలో ఆడుకుంటూ పెరిగినవాడికన్నా అర్హుడు ఎక్కడ దొరుకుతాడు? కాంట్రాక్టు మూడేళ్ళు. అది పొడిగిస్తేనే వీసా, వీసా ఉంటేనే అల్ దోహా అల్ జదీదాలో ఫ్లాటు, పిల్లలు మనీష్‌కూ అమ్ముకూ స్కూలు. ఈ సత్యాన్ని భార్య ఇందిరాదేవి రోజూ ఇడ్లీలతోపాటు వడ్డించేది.

"మీ బురద సంగతి నాకు తెలీదండీ. ఆ కాంట్రాక్టు మాత్రం పోగొట్టకండి, మీకు దణ్ణం పెడతాను."

రెండో నెలలోనే నీటిమట్టం జానెడు దిగింది. ఎండలకు దిగక ఏం చేస్తుంది? వేణుగోపాలరావు ఆ అమాయకపు రోజుల్లో కొలిచింది కొలిచినట్టే గ్రాఫు గీసి, ప్రాజెక్టు మేనేజరు జియావుద్దీన్‌కు చూపించాడు. హైదరాబాదు మర్యాదస్తుడైన ఆయన చాయ్ తెప్పించాకే నోరు విప్పాడు.

"డాక్టర్ సాబ్, గీత కిందికి పోతుంది. గీత పోయిందంటే ప్రాజెక్టు పోతది, మనం గూడ పోతం. జర ఆలోచించుండ్రి."

వేణుగోపాలరావు ఆలోచించాడు. కొలత నెల మొదటి శనివారం కాబట్టి, దాని ముందురోజు శుక్రవారం తోట పనివాడు తిరుపాలుకు సెలవు రద్దయింది. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన తిరుపాలు ఆ రోజంతా తోట బావి నీళ్ళు తోడి, కొలత కర్ర మీద ఎర్రగీత మునిగేదాకా గుంతలో పోసేవాడు. మర్నాడు వేణుగోపాలరావు ఏసీ కారులో వచ్చి, కర్రను చూసి ఆశ్చర్యపోయి, రాసుకుని వెళ్ళేవాడు.

ఐరోపా నాచు మొదటి వేసవికే చచ్చింది. దాని చోట రెల్లు మొలిస్తే "జీవవైవిధ్యం పెరిగింది" అని నివేదికలో రాశాడు. దోమలు పుడితే "జంతుజాలం రాక మొదలైంది" అన్నాడు. రెండు మేకలు దిగి రెల్లు మేసి పోతే ఆహారపు గొలుసు కూడా పూర్తయింది.

మూడో ఏడు తోట బావి ఉప్పుతేలింది. ఖర్జూర చెట్లు ఒక వరస ఎండిపోయాయి.

"సార్, తాగనీక గూడ పనికిరాకుండా పోయినాయి నీళ్ళు" అన్నాడు తిరుపాలు. "ఈ గుంతకు పోసేది నిలిపితే ఉన్న చెట్లన్నా బతుకుతాయి. మా ఊర్లో నీళ్ళిట్ల పారబోస్తే తంతారు సార్."

"నీకు సైన్సు తెలీదోయ్. ఇంకొక్క నెల ఓపిక పట్టు" అన్నాడు వేణుగోపాలరావు. ఆయన జేబులో బావమరిది ఉత్తరం ఉంది. 'బావా, నువ్వు పంపిన డబ్బుతో కొల్లేట్లో మనక్కూడా చేపల చెరువు తవ్వించేశాను. అందరూ తవ్వుతుంటే మనమొక్కళ్ళమే ఊరుకోవడం ఏం బాగుంటుంది?'

1997 మార్చిలో షామియానా వేసి సభ జరిపారు. అతిథుల ముందు జియావుద్దీన్ గ్రాఫు ఎత్తి చూపాడు.

"మూడేళ్ళలో నీటిమట్టం వెంట్రుకవాసి కదలలేదు! మనిషి సాయం అక్కరలేకుండా ఈ బురద తనంతట తాను నిలిచింది. కాబట్టి దీన్ని కొలిచే ఉద్యోగం కూడా ఇక అక్కరలేదని యాజమాన్యం సంతోషంగా తీర్మానించింది!"

అందరికన్నా ముందు చప్పట్లు మొదలుపెట్టినవాడు వేణుగోపాలరావే. అర్థమయ్యేసరికి ఆపడం బాగుండదని కొడుతూనే ఉన్నాడు. నిజం చెబితే దొంగ, చెప్పకపోతే నిరుద్యోగి. షామియానా చివర పైపు చుట్ట పట్టుకుని తిరుపాలు ఆయన వంకే చూస్తున్నాడు. వేణుగోపాలరావు తల తిప్పుకున్నాడు.

పదిహేను రోజుల్లో గుంత బీటలు వారింది. తిరుపాలు ఆ నల్లమట్టిని గంపలకెత్తి, బతికున్న ఖర్జూర చెట్ల మొదళ్ళలో పోశాడు. దీని మీద ఎవరూ నివేదిక రాయలేదు.

విదేశాల్లో బురదను కాపాడి వచ్చిన మహనీయుణ్ణి కైకలూరు వదులుకుంటుందా? కొల్లేరు సరస్సు పరిరక్షణ సంఘం పెట్టి అధ్యక్షుణ్ణి చేశారు. సభ్యులందరికీ సరస్సులో చేపల చెరువులున్నాయి. కొలత కర్రను ఎక్కడ పాతాలన్న చర్చ వచ్చినప్పుడు, అధ్యక్షులవారు తమ చెరువే అనుకూలమన్నారు. గట్టు మీద ఇంజను సరస్సు నీళ్ళు తోడి పోస్తూ ఉంటుంది కాబట్టి అక్కడ మట్టం ఏనాడూ తగ్గదు.

"సరస్సులో ఏ మార్పూ లేదు" అని మొదటి వార్షికోత్సవంలో ఆయన ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. తర్వాత భోజనాల్లో చేపల పులుసు వడ్డించారు. అద్భుతంగా ఉందంటూ మీరూ మారు వేయించుకున్నారు కదా, అప్పుడు మీరైనా అడిగారా, ఆ చేప ఎక్కడిదని?