అందరూ బుల్లయ్యలే

త్రినాథ్ ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదిన్నరకల్లా గుంటూరు ఏటుకూరు రోడ్డులో ఉన్న వెంకటేశ్వరమ్మ గారి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాలి. పాత కంప్యూటర్లో మూలుగుతున్న రైతుల వివరాలన్నీ కొత్త సర్వర్లోకి ఎక్కించాలి. పదింటికల్లా ఆవిడ నోటి వెంట "బాగుంది" అన్న మాట రప్పించుకుని బయటపడాలి. ఆ ఒక్క మాట మీదే అతని బతుకు ఆధారపడి ఉంది. అతని యజమాని ప్రేమ్‌చంద్ ముగ్గురు ఉద్యోగులున్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి తనను తాను చైర్మన్ అని పిలుచుకునే మనిషి. రెండేళ్ళుగా త్రినాథ్‌ను ప్రొబేషన్లోనే నానబెడుతున్నాడు.

"ఆవిడ బాగుందంటే రేపట్నుంచి నువ్వు పర్మినెంటు" అన్నాడు పొద్దున్నే ఫోన్ చేసి. "లేదంటే రేపట్నుంచి మీ మావయ్య ఫ్యాన్సీ షాపులో గాజులు అమ్ముకో. నాకేం కోపం ఉండదు."

త్రినాథ్ కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో అడుగుపెట్టి సంప్రదాయం ప్రకారం మూడు తుమ్ములు తుమ్మాడు. మిర్చి గోడౌన్‌కి వచ్చి తుమ్మనివాణ్ణి అక్కడ ఎవరూ నమ్మరు.

వెంకటేశ్వరమ్మ గారు కుర్చీలో కూర్చుని అతని చేతుల వైపు చూసింది. "ఏమయ్యా, లైబ్రరీ తెస్తన్నావని మీ ప్రేమ్‌చంద్ చెప్పాడు. పుస్తకాలు ఏయీ?"

"పుస్తకాలు కాదండీ. అదొక ప్రోగ్రామండీ. మన సాఫ్ట్‌వేర్‌కీ సర్వర్‌కీ మధ్యలో ఉంటదండీ, దుబాసీలాగా."

"ఏదైతే నాకెందుకులే. పేర్లు మాత్రం తెలుగులో కనపడాల. పాతదాంట్లో ఇంగ్లీషులో ఏసి చంపారు. రైతొచ్చి నా పేరేదమ్మా అంటే, ఆ స్పెల్లింగు చూసి మనిషి పేరో మందు డబ్బా పేరో తెలిసి చావట్లా."

"అన్నీ తెలుగేనండీ. బయట వరండాలో టీవీలో కూడా."

ఆ టీవీ ఆవిడ ముచ్చటపడి పెట్టించింది. ఏ రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎన్ని నిల్వ ఉన్నాయో అందులో కనిపిస్తుంది. మిర్చి కొనేవాళ్ళు వరండాలో కుర్చీలేసుకుని, టీ తాగుతూ, క్రికెట్ స్కోరు చూసినట్టు చూస్తారు.

సర్వర్ మాత్రం ఆవిడ అల్లుడు తెచ్చింది. ఎక్కడో చవగ్గా దొరికిందట. చవగ్గా ఎందుకు దొరికిందో త్రినాథ్‌కు రెండు వారాల్లో అర్థమైంది. దాని తీరే వేరు. "మొదటి పది పేర్లు చూపించు" అంటే దానికి తలకెక్కదు, "పైనున్న పది" అనాలి. తేదీలో ముందు నెల చెప్పకపోతే అలుగుతుంది. గడి ఖాళీగా వదిలితే "లేదు" అని కాకుండా "నాకు తెలీదు" అని రాసుకుంటుంది. సర్వర్ అత్తగారి లాంటిది, అది మారదు. కొత్త కోడల్లా లైబ్రరీయే సర్దుకుపోవాలి. అందుకని త్రినాథ్ దాని ఒక్కో అలకకూ ఒక్కో మందు రాసి, ఒక్క రైతు పేరు ఎక్కించి పరీక్షించాడు. బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక్కడికి సరిపోయింది నాలుగు వందల మందికి ఎందుకు సరిపోదన్నది అతని ధీమా. పెళ్ళిళ్ళలో కూర తక్కువయ్యేది ఈ ధీమా ఉన్న మేనమామల వల్లే.

తొమ్మిదింటికి మీట నొక్కాడు. మొదటి పేరు బుల్లయ్య, చక్కగా ఎక్కింది. రెండో పేరు దగ్గర సర్వర్ ఆగి "ఈ పేరు ఇప్పటికే ఉంది" అంది.

త్రినాథ్ నవ్వుకున్నాడు. పాత కంప్యూటర్ దగ్గర కూర్చునే గుమస్తాకు ఒక అలవాటుండేది. ఏ రైతైనా మళ్ళీ ఏడాది కాయలు తెస్తే అతన్ని కొత్తగా పుట్టిన మనిషిగా రాసుకునేవాడు. ఈ బుల్లయ్యను కూడా రెండుసార్లు పుట్టించి ఉంటాడులే అనుకుని, రెండో పేరేమిటో చూడకుండానే లైబ్రరీలో రెండు లైన్లు రాసి పడేశాడు. వాటి సారాంశం ఇది: పేరు ఉందని సర్వర్ అంటే గొడవ పడకు, ఆ టిక్కీలు ఉన్న మనిషికే కలిపెయ్.

ఆ తర్వాత ఒక్క తప్పు కూడా రాలేదు. టీ చల్లారేలోపు పని అయిపోయింది. త్రినాథ్ చైర్మన్‌గారికి బొటనవేలు బొమ్మ పంపించి, వరండాలో టీవీ పెట్టించి, ఒళ్ళు విరుచుకున్నాడు.

పది నిమిషాలకు కౌంటర్ దగ్గర కేక వినిపించింది. కాయలు అమ్ముకుందామని వచ్చిన రోశయ్య అనే రైతు, కౌంటర్లో కూర్చునే కౌసర్ మీద విరుచుకుపడుతున్నాడు.

"నా టిక్కీలు నాకియ్యనంటావేందమ్మా?"

"నీ పేరు లేదు బాబాయ్. రోశయ్య అని కొడితే బుల్లయ్య అనొస్తంది."

"బుల్లయ్య నా పక్క చేనోడు. నా కాయలు ఆడి పేరు మీద ఎందుకుంటయ్యి?"

"అది మీరూ మీరూ చూసుకోవాల. కంప్యూటర్ అబద్ధం చెప్పదుగా."

వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా తమ పేర్లు చెప్పారు. రంజాన్ అని కొట్టినా బుల్లయ్యే, రాము అని కొట్టినా బుల్లయ్యే. వరస మొత్తం మెల్లగా తిరిగి, కాయల శాంపిల్ పట్టుకుని వేపచెట్టు కింద బీడీ కాల్చుకుంటున్న అసలు బుల్లయ్య వైపు చూసింది. పన్నెండు టిక్కీల ఆసామి. అప్పటిదాకా అతని వైపు ఇంతమంది చూసింది అతని పెళ్ళిలోనే, అప్పుడు కూడా భోజనాల దాకానే.

"ఏరా బుల్లిగా, మా కాయలన్నీ ఎప్పుడు కొన్నావురా?" అంటూ రోశయ్య మీదికొచ్చాడు.

"నేనేడ కొన్నాన్రా. నాయి పన్నెండు టిక్కీలేగా."

"మరి టీవీలో ఏముందో చూడు."

బుల్లయ్య చూశాడు. టీవీలో ఒకే ఒక్క పేరుంది. దాని పక్కన ముప్పై ఎనిమిది వేల టిక్కీలు అని ఉంది. అతను కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. చేతికి కారం ఉండటంతో ఆ తర్వాత కాసేపు ఏమీ చూడలేకపోయాడు.

సరిగ్గా అప్పుడే అలీ సాహెబ్ కారు దిగాడు. ఎగుమతి కంపెనీలకు మిర్చి కొనిపెట్టడంలో ఆయనది ముప్పై ఏళ్ళ అనుభవం. రేవులో ఓడ ఎదురుచూస్తోంది, ఆయనకు వారంలో సరుకు కావాలి. ఆయన కొనే పద్ధతి చాలా సులువు. రైతుల్ని ఒక్కొక్కరినే పక్కకు పిలిచి, "పక్కోడు ఈ రేటుకి ఇచ్చేశాడు, ఇంక నువ్వే మిగిలావు" అంటాడు. పక్కవాడిని పిలిచి ఇతని గురించి అదే మాట అంటాడు. సాయంత్రానికి నాలుగు వందల మంది, తమకంటే ముందే తొందరపడిన పక్కవాణ్ణి తిట్టుకుంటూ ఇళ్ళకు పోతారు.

ఆ రోజు ఆయన టీవీ చూసి, చుట్టూ నలభై మంది చేతులూపుతుండగా ఎర్రటి కళ్ళతో మధ్యలో నిలబడ్డ బుల్లయ్యను చూసి, అంతా తనే అర్థం చేసుకున్నాడు. ఎవడో సరుకంతా గుట్టుగా చేతిలో పెట్టుకున్నాడు. ఇంతమంది బతిమాలుతున్నా కరగడం లేదు.

"బుల్లయ్య గారూ, రండి, కూర్చోండి" అని తన కుర్చీ ఇచ్చాడు. "టీ చెప్పమంటారా?"

"నాయి పన్నెండు టిక్కీలేనండీ, సాహెబ్ గారూ."

అలీ సాహెబ్ చిరునవ్వు నవ్వాడు. ఉన్నవాడు ఎప్పుడూ లేదనే అంటాడు. "అట్టాగే అనుకుందాం. ఆ పన్నెండూ ఏం రేటుకిస్తారు?"

"మా ఆడోళ్ళని అడగాలండీ."

ఆస్తి భార్య పేరు మీద పెట్టాడన్నమాట, గట్టివాడే అనుకున్నాడు అలీ సాహెబ్. ఆయన గొంతులో గౌరవం మరో మెట్టెక్కింది.

లోపల త్రినాథ్ చెమటలు కక్కుతున్నాడు. తెర మీద నాలుగు వందల మంది రైతులు పోయి ఒక్క వరస మిగిలింది. సర్వర్‌కు నాలుగు ప్రశ్నలు వేశాక గుట్టు తెలిసింది. రెండు పేర్లు ఒకటేనా కాదా అని తేల్చడానికి ఈ సర్వర్ అక్షరాలను తూకం వేస్తుంది. ఏ అక్షరం బరువెంతో దాని దగ్గర రాసుంటుంది. దాన్ని చేసినవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలన్నిటికీ బరువు రాశారు, తెలుగు అక్షరాల దగ్గరికొచ్చేసరికి మరిచిపోయారు. కాబట్టి బుల్లయ్య బరువు సున్నా, రోశయ్య బరువు సున్నా, రంజాన్ బరువూ సున్నాయే. సున్నాకూ సున్నాకూ తేడా లేదు గనక లోకంలో తెలుగువాళ్ళంతా ఒక్కటే. వేదాంతులు కొండల్లో కూర్చుని ఏళ్ళ తరబడి తేల్చుకోలేని సంగతిని ఆ డబ్బా టీ చల్లారేలోపు తేల్చి పారేసింది.

మందు తేలికే. తూకం మానేసి అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు పోల్చమని లైబ్రరీ చేత చెప్పించాలి, మళ్ళీ అంతా ఎక్కించాలి. వెంకటేశ్వరమ్మ గారు చూడకముందే అయిపోతే ఉద్యోగం నిలుస్తుంది. త్రినాథ్ వేళ్ళు పరుగెత్తాయి.

ఇంతలో గేటు ముందు ఆటో ఆగింది. బుల్లయ్య భార్య అంకమ్మ దిగింది. బుల్లయ్య ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉండిపోయింది. పొద్దున్నుంచి ఆ ఫోనుకు కోల్డ్ స్టోరేజీ నుంచి ఆగకుండా మెసేజీలు: మీ టిక్కీలు నిల్వలో ఉన్నాయి, మీ టిక్కీలు నిల్వలో ఉన్నాయి. పక్కింటి అమ్మాయి వంద దాకా చదివి గొంతు పోయి మానేసింది.

"ఏవయ్యో, ఇన్ని కాయలు నాకు తెలీకుండా ఏ సందులో పండించావ్?" అంది అంకమ్మ వరండా మెట్లెక్కుతూ. "గాజులు కుదవబెట్టి పురుగుమందు తెచ్చినప్పుడు గుర్తు రాలా నీకీ సంగతి?"

"నాయి కాదే, నా మాటిను."

"నీయి కాకపోతే నీ ఫోనుకెందుకొస్తయ్యి?"

బుల్లయ్య ఫోను కోసం చొక్కా జేబు తడుముకున్నాడు.

అలీ సాహెబ్ లేచి నిలబడ్డాడు. "అమ్మా, కోపం తర్వాత. బేరం ముందు. ఉన్న కాయలన్నీ తీసుకుంటా, రేటు తేల్చండి." భుజం మీది తువాలు తీసి చెయ్యి మీద కప్పుకున్నాడు. పాతకాలపు బేరం అది. తువాలు కింద ఎదుటివాళ్ళ వేళ్ళు పట్టుకుని రేటు చెప్పుకుంటారు. ఒకసారి సరేనని చెయ్యి గట్టిగా నొక్కితే మాట అయిపోయినట్టే, తండ్రి చెప్పినా వెనక్కి పోదు.

అంకమ్మ తువాలు కింద చెయ్యి పెట్టింది. అలీ సాహెబ్ కొన్ని వేళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ ఆయన చెయ్యి మొత్తం పట్టుకుని, అది చాలనట్టు మణికట్టు దాకా పోయింది.

"ఈ రేటెక్కడా లేదమ్మా" అన్నాడాయన మెల్లగా. "నిన్ననే పక్క..."

అని ఆగిపోయాడు. టీవీ వైపు చూశాడు. ఆ కోల్డ్ స్టోరేజీలో పక్కోడనేవాడు లేడు.

"పోయినేడు ఈ పక్కోడి మాట ఇనే మాయన తేరగా ఇచ్చొచ్చాడు" అంది అంకమ్మ. "ఇస్తే ఆ రేటుకే. లేకపోతే ఉండనీ, కాయలేం అన్నం అడుగుతయ్యా?"

లోపల త్రినాథ్ మీట మీద వేలు పెట్టాడు. అదే క్షణంలో ఒక చెయ్యి అతని మణికట్టు పట్టుకుంది. వెంకటేశ్వరమ్మ గారు.

"ఏం చేస్తన్నావు?"

తప్పించుకునే దారి లేక త్రినాథ్ ఉన్నదంతా కక్కేశాడు. ఆవిడ తలుపు సందులోంచి తువాలు వైపు చూస్తూ వింది.

"ఇప్పుడది నొక్కితే ఏమవుద్ది?"

"టీవీలో అందరి పేర్లూ విడివిడిగా వస్తాయండీ."

"అయితే నొక్కావంటే వేలిరిచి చేతిలో పెడతా." ఆవిడ వరండాలోకి వెళ్ళి రోశయ్య చెవిలో ఏదో చెప్పింది. రోశయ్య పక్కవాడి చెవిలో చెప్పాడు. నలభై మంది గుంటూరు జిల్లా రైతులు ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దానికి కోల్డ్ స్టోరేజీ మిషను ఆగిపోయిందేమోనని ఎదురుగా ఉన్న టీ కొట్టువాడు తొంగి చూశాడు.

ఆ నిశ్శబ్దం అలీ సాహెబ్‌ను ఓడించింది. తువాలు కింద ఆయన చెయ్యి సరేనని నొక్కింది. "ఉన్నయ్యన్నీ, ఈ రేటుకే" అన్నాడు అందరూ వినేలా.

"ఇప్పుడు నొక్కు" అంది వెంకటేశ్వరమ్మ గారు.

టీవీ ఒకసారి నల్లబడి, నాలుగు వందల పేర్లతో వెలిగింది. అలీ సాహెబ్ వాటిని పైనుంచి కిందికి చదివి, బుల్లయ్య వైపు తిరిగాడు.

"మీయి ఎన్నన్నారూ?"

"పన్నెండండీ. పొద్దున్నుంచీ అదేగా చెప్తన్నా."

అలీ సాహెబ్ జరిగిందంతా మనసులో వెతికి చూసుకున్నాడు. ఆ రోజు అక్కడ ఎవరూ ఆయనతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. తువాలు దులిపి భుజాన వేసుకుని, "ముప్పై ఏళ్ళు పక్కోణ్ణి చూపించి బతికా. ఇవాళ ఆడు దొరకలా" అన్నాడు. మాట మాత్రం తప్పలేదు. వచ్చినవాళ్ళు అక్కడికక్కడే ఒప్పుకున్నారు, రానివాళ్ళు ఫోన్లలో ఒప్పుకున్నారు.

అంత ఆనందంలోనూ ముఖం ముడుచుకున్నది అంకమ్మ ఒక్కతే. "పన్నెండేనా?" అని మొగుణ్ణి మూడుసార్లు అడిగింది.

వెంకటేశ్వరమ్మ గారు ప్రేమ్‌చంద్‌కు ఫోన్ చేసి, "మీ కుర్రాడి లైబ్రరీ బాగుంది" అంది. త్రినాథ్ పర్మినెంటు అయ్యాడు. వారం తిరక్కుండా మిగతా కోల్డ్ స్టోరేజీల వాళ్ళంతా ప్రేమ్‌చంద్ ఆఫీసు ముందు వరస కట్టారు. మాకూ అదే కావాలి, రైతులంతా ఒక్కటైపోయే సౌకర్యం కావాలి అన్నారు. రైతులందరి సంతకాలతో, పద్ధతి ప్రకారం, తప్పు లేకుండా చేయించి ఇస్తానని చైర్మన్‌గారు అడ్వాన్సులు పుచ్చుకుని పని త్రినాథ్‌కు అప్పగించాడు.

మూడు నెలలైంది. ఎంత రాసినా రైతులు కలవడం లేదు.