ఎడమ పక్కన ఒక్క చరుపు

బళ్లారి పారిశ్రామిక వాడలోని హిమవల్లి కూలర్స్ వారు, పన్నెండేళ్లుగా తమ కూలర్‌లో ఉండి మధ్యలో మాయమైన లోపాన్ని తిరిగి యథాస్థానంలో నెలకొల్పామని మే నెల మొదటి వారంలో సంతోషంగా ప్రకటించారు. ప్రకటన కన్నడంలోనూ తెలుగులోనూ వెలువడింది. రెండు భాషల వాళ్లూ హర్షించారు.

ఆ లోపాన్ని తిరిగి తెచ్చినవాడు సిద్దేశ్. దాన్ని పోగొట్టిన దోషి కూడా అతనే.

సిద్దేశ్‌ది కుడతిని. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాడు. హిమవల్లిలో మూడేళ్లుగా తాత్కాలిక ఇంజనీరు. పర్మనెంటు ఉత్తర్వు టైపు చేసి సిద్ధంగా ఉందనీ, సంతకం ఒక్కటే బాకీ అనీ యజమాని చెన్నకేశవరావు ప్రతి మార్చిలోనూ చెబుతూనే ఉన్నాడు. సిద్దేశ్ ప్రతి మార్చిలోనూ నమ్ముతూనే ఉన్నాడు.

హిమవల్లి కూలర్ సంగతి బళ్లారి వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇతర జిల్లాల పాఠకుల కోసం చెప్పాలి. స్విచ్చి వేస్తే అది తిరగదు. మూలుగుతుంది. అప్పుడు ఎడమ పక్కన, పేరు పలకకు జానెడు కింద, అరచేత్తో ఒక్క చరుపు చరచాలి. వెంటనే గాలి వస్తుంది. లోపల ఒక వైరు వదులుగా ఉండటమూ, చరుపుతో అది సర్దుకోవడమూ దీని రహస్యం. పన్నెండేళ్లలో ఒక్కరు కూడా కంపెనీకి ఫిర్యాదు చేయలేదు. ఎందుకో కంపెనీ కూడా ఆలోచించలేదు.

జనవరిలో సిద్దేశ్ ఆలోచించాడు. మూడు రూపాయల క్లిప్పు ఒకటి బిగించాడు. స్విచ్చి వేయగానే కూలర్ తిరిగింది. ఈ మార్చిలో సంతకం ఖాయం అనుకున్నాడు.

మార్చి వచ్చింది. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే ఎండలు వచ్చాయి. కూలర్ల అమ్మకాలు మాత్రం సగానికి పడిపోయాయి.

చెన్నకేశవరావు సిద్దేశ్‌ను గదిలోకి పిలిచాడు. ఆయనది తండ్రి కాలంలో గుంటూరు వైపు నుంచి కాలువ కింద భూములకు వచ్చిన కుటుంబం. వరి నుంచి రైసు మిల్లుకు, మిల్లు నుంచి కూలర్లకు ఎదిగారు.

"అబ్బాయ్, బాగున్న సరుకుని బాగుచేశావు," అన్నాడాయన. "ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

గదిలో బెంగళూరు నుంచి వచ్చిన పద్మశ్రీ ఉంది. ఆమె వినియోగదారుల భావోద్వేగ అనుబంధ నిపుణురాలు. అటువంటి చదువు ఉంటుందని సిద్దేశ్‌కు ఆ రోజే తెలిసింది.

"కస్టమర్ వస్తువును కొనడు. ఒక బంధాన్ని ఇంటికి తీసుకెళ్తాడు," అని ఆమె గోడ వైపు చూస్తూ ప్రసంగించింది. "ఆ బంధం ఎక్కడ తెగిందో మనం కొలవాలి."

కొలవడానికి నలభై రెండు ప్రశ్నల ఫారం తయారైంది. మొదటి ప్రశ్న: మీ కూలర్ మనిషైతే మీకు ఏమవుతుంది?

ఫారాల కట్ట సిద్దేశ్ చేతికి వచ్చింది. "పది రోజులు," అన్నాడు చెన్నకేశవరావు. "సంగతి తేల్చుకొస్తే ఉత్తర్వు. తేల్చలేకపోతే పదకొండో రోజు రానక్కర్లేదు."

మొదటి ఇల్లు ఎర్రప్పది. దోణిమలై గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఫిబ్రవరిలో కొత్త కూలర్ కొన్నాడు. మొదటి ప్రశ్నను తిరిగి సిద్దేశ్ మీదికే విసిరాడు.

"మనిషైతే ఏమవుతాదని అడుగుతావేందప్పా. పాతది నా మాట ఒక్కటే వింటాండె. ఇది దారిన పోయేవాని మాట గూడా వింటాది."

"మంచిదే కదప్పా?"

"ఎవురికి మంచిది? మధ్యాన్నమైతే ఇంటిల్లిపాదీ నా కోసరం ఎదురుచూస్తాండ్రి. తాత వస్తే గాని గాలి రాదని. కోడలు కాఫీ గ్లాసు పట్టుకోని కుర్చీ కాడికి వస్తాండె. ఇప్పుడు నాలుగేండ్ల మనవరాలు నొక్కుతాది. నిన్న కాఫీ కావల్లని నోరు తెరిచి అడిగినా. సుమ్నే, ఊరికే కూచుంటే తెచ్చేవాళ్లే లేరు."

ఈ జవాబు రాయడానికి ఫారంలో గడి లేదు. 'తృప్తి', 'అసంతృప్తి' అని రెండే ఉన్నాయి. సిద్దేశ్ రెండింటి మధ్య గీత మీద టిక్కు పెట్టాడు.

రెండోది పక్కీరమ్మ ఇల్లు. హగరి స్టేషను దగ్గర ఉగ్గాని, బజ్జీలు అమ్ముతుంది. పాతది ఇచ్చి తగ్గింపు ధరకు కొత్తది తీసుకోమని కంపెనీ పథకం పెట్టింది. మూడుసార్లు కబురు పంపినా ఆమె ఇవ్వలేదు. కారణం కనుక్కోవలసి ఉంది.

కారణం కూలర్ ఎడమ పక్కనే కనబడింది. రేకు మీద వెడల్పాటి సొట్ట.

"అది మా ఇంటాయన చెయ్యి," అంది పక్కీరమ్మ, బాణలిలో నుంచి కన్ను తిప్పకుండా. "ఆయన పోయి నాలుగేండ్లాయ. నా చెయ్యి దాంట్లో సరిగ్గా కూచోదు, ఆయనది పెద్దది. అయినా ఆడ కొడితేనే తిరుగుతాది. దీన్ని తీస్కపోయి ఏం సేస్తారు మీరు?"

"రేకు కరిగించి కొత్తవి చేస్తారమ్మా."

ఆమె నాలుగు బజ్జీలు కాగితంలో చుట్టి అతని చేతిలో పెట్టింది. "తిని పో నాయనా. ఆ మాట మాత్రం ఇంగొక తూరి ఈడ అనొద్దు."

నలభై ఒక్క ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. సిద్దేశ్ బజ్జీలు తిని వచ్చేశాడు.

మూడో ఇల్లు సిరుగుప్ప కాలువ మీద, ఆంధ్రా రైతులు కట్టుకున్న క్యాంపులో. హనుమాయమ్మగారి కొత్త కూలర్ దుప్పటి కప్పుకుని ఉంది. దాని మీద వడియాలు ఆరబోశారు.

"ఇది ఎవరు నొక్కినా తిరుగుద్ది బాబూ. మరి మనదెట్టా అవుద్ది?" అందామె. "మొన్న మేం పెళ్లికెళితే పక్కింటోళ్లు వచ్చి వేసుక్కూర్చున్నారంట. పాతదానికి నా చెయ్యి పడితేనే. మా తోడికోడలు ఎన్నేళ్లు కొట్టి చూసిందో."

"ఆవిడకి తిరగలేదా అండీ?"

"తిరగలేదు," అంది హనుమాయమ్మగారు. సర్వే మొత్తంలో అంత తృప్తి పడిన కస్టమరు సిద్దేశ్‌కు మళ్లీ తగల్లేదు.

పదో రోజు అతను ఫారాలు పక్కనపడేసి అరపేజీ రాశాడు. 'వీళ్లు చల్లగాలిని ప్రేమించలేదు. తాము లేకపోతే అది రాదన్న సంగతిని ప్రేమించారు. ఆ సంగతిని నేను మూడు రూపాయలకు తీసేశాను. సులువుగా వచ్చేదాని మీద ఎవరికీ మమకారం ఉండదు.'

పద్మశ్రీ దాన్ని తొంభై ఆరు పేజీలకు విస్తరించింది. అరచేతి బొమ్మలు పదకొండు వేయించింది. 'స్పర్శాధారిత బంధ సిద్ధాంతం' అని పేరు పెట్టింది. కృతజ్ఞతల పేజీలో సిద్దేశ్ పేరు, టీ తెచ్చిన కొట్రమ్మ పేరు తర్వాత వచ్చింది.

ఇక కంపెనీ ఆలస్యం చేయలేదు. క్లిప్పులు బిగించడం ఆపారు. కొత్తవి కొన్నవారి ఇళ్లకు మెకానిక్కులను పంపి, ఉన్న క్లిప్పులను ఉచితంగా పీకించారు.

అయితే వైరును సరైన మోతాదులో వదులుగా ఉంచడం, బిగించడం కంటే కష్టమని తేలింది. పూర్వం అది అశ్రద్ధ వల్ల సహజంగా కుదిరేది. ఇప్పుడు శ్రద్ధగా చేయాలి. అందుకని లోప నాణ్యతా విభాగం ఏర్పడింది. హులిగెప్ప అనే అనుభవజ్ఞుడిని ఇన్‌స్పెక్టరుగా వేశారు. బయటికి వెళ్లే ప్రతి కూలర్‌నూ ఆయన స్వయంగా చరుస్తాడు. చరచకుండానే తిరిగినవాటిని నాసిరకం కింద పక్కన పెడతాడు.

లోపానికి ఏడాది గ్యారంటీ ఇచ్చారు. తన కూలర్ స్విచ్చి వేయగానే తిరిగేస్తోందని కౌల్ బజారు నుంచి ఒకాయన ఫోను చేస్తే, గంటలో మెకానిక్ వెళ్లి వైరు వదులు చేసి, కంపెనీ తరఫున క్షమాపణ చెప్పి వచ్చాడు. రెండు చరుపుల డీలక్సు మోడలు వచ్చింది. దాని ధర ఎక్కువ. దానికే గిరాకీ ఎక్కువ. ఎర్రప్ప ఇంట్లో మధ్యాహ్నం కాఫీ మళ్లీ కుర్చీ దగ్గరికి వస్తోందని కంపెనీ వార్తాపత్రికలో ఫొటోతో సహా వేశారు.

అమ్మకాలు రెట్టింపైన రోజున సిద్దేశ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని యజమాని గదిలోకి వెళ్లాడు.

చెన్నకేశవరావు సొరుగు లాగి ఉత్తర్వు బయటికి తీశాడు. నిజంగానే టైపు చేసి ఉంది. పేరు, జీతం, తేదీ అన్నీ ఉన్నాయి. ఆయన పెన్ను మూత తీశాడు. సిద్దేశ్ కాగితం మీదికి వంగాడు. ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

"నీ అరపేజీ నాలుగుసార్లు చదివానబ్బాయ్. నా కళ్లు తెరిపించావు. మూడేళ్లుగా పొద్దున్న ఎనిమిదింటికల్లా ఈ గేటు దగ్గర ఉంటున్నావు. ఆదివారం కూడా వస్తావు. మన తిరుమలేష్ ఉన్నాడు చూడు, అతను కూడా నీలాగే ఉండేవాడు. పర్మనెంటు చేశాను. ఇప్పుడు పదకొండింటికి వస్తున్నాడు. ఈ సంతకం పెట్టి నీకూ కంపెనీకీ ఉన్న బంధాన్ని నా చేత్తో నన్ను తెంచమంటావా?"

సిద్దేశ్ జవాబు కోసం వెతికాడు. దొరికిన ప్రతి జవాబునూ అతని అరపేజీయే ముందుగా ఖండించి పెట్టింది.

"ఐతే ఎప్పుడు సార్?" అన్నాడు చివరికి.

"వచ్చే మార్చిలో అడుగు," అన్నాడు చెన్నకేశవరావు, కాగితాన్ని ఆప్యాయంగా సొరుగులోకి తోస్తూ. "ఎటూ తయారుగానే ఉందిగా."

ఆ సాయంత్రమే కంపెనీలోని నూట పద్నాలుగు మంది తాత్కాలిక ఉద్యోగులకూ అదే విధానం వర్తిస్తుందని నోటీసు అంటించారు. ఉద్యోగుల అనుబంధ పథకం అని దానికి పేరు. మర్నాడు సిద్దేశ్ ఏడున్నరకే వచ్చి, వాచ్‌మన్ యల్లప్ప గేటు తాళం తీసేదాకా బయట నిలబడ్డాడు.

పాఠకులు అతణ్ని చూసి నవ్వుకోవచ్చు. కానీ మొన్న తాలూకా ఆఫీసులో మిమ్మల్ని మూడుసార్లు రేపు రమ్మని తిప్పి, నాలుగోసారి మీ కాగితం చేతికిచ్చిన గుమాస్తా ఉన్నాడే, అతను చాలా మంచివాడని ఇంటికి వచ్చి చెప్పింది మీరే.