ఎవరి క్లాసు వారిదే

రాసిందే మళ్లీ రాయడం దండగ అనేవాళ్లకు ఆత్మగౌరవం అంటే ఏమిటో తెలియదు! తెలిస్తే రామచంద్రమూర్తి అంత మాట అనేవాడా?

ఈ మూర్తి బొంబాయిలో కంప్యూటరు ప్రోగ్రాములు నేర్చుకుని, డెబ్బై ఎనిమిదిలో చోడవరం శివార్లలో ఓ ప్రైవేటు పంచదార మిల్లులో చేరాడు. కంప్యూటరేమో విశాఖలో. ఇక్కడ ప్రోగ్రాము రాసి, చిల్లులు పొడిచిన కార్డుల పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేవాడు. ఏ రైతు చెరుకు ఎప్పుడు నరకాలో ఆ యంత్రం తేల్చి చెప్పేది.

ప్రోగ్రాములో ఊరికో క్లాసు, అంటే ఆ ఊరి చెరుకు రూళ్లన్నీ రాసి ఉంచే భాగం. చోడవరానికొకటి, కోటపాడుకొకటి, చీడికాడకొకటి. పైన పేరు తప్ప మూడింటిలోనూ పొల్లుపోకుండా అదే కోడు! మూర్తికి ఒళ్లు మండింది. అందరికీ చెల్లే రూళ్లు తల్లి క్లాసులో ఒక్కసారి రాస్తే పిల్ల క్లాసులకు వారసత్వంగా వచ్చేస్తాయని మిల్లు కమిటీకి విన్నవించుకున్నాడు.

పాపం, చదువుకున్నవాడే! తల్లిది ఏ ఊరని అడుగుతారని మాత్రం తోచలేదు.

చీడికాడ తరఫు సభ్యుడు బంగార్రాజు లేచాడు. చోడవరం తల్లయితే మా చీడికాడ పిల్లా అని నిలదీశాడు. తల్లికి ఏ ఊరి పేరూ ఉండదని మూర్తి నచ్చజెప్పబోయాడు. ఊరూ పేరూ లేని తల్లికి పుట్టమంటావా అని ఆయన ఇంకా మండిపడ్డాడు.

"మా రూలు మాది. మా క్లాసు మీద ఎవడు సెయ్యేసినా ఊరుకోను."

కమిటీ చప్పట్లు కొట్టింది. కొట్టదూ మరి! పెళ్లిలో ఇరువైపుల పురోహితులూ అవే మంత్రాలు చదవడం లేదూ? మీ ఆయన అక్కర్లేదు, మా ఆయనొక్కడు చదివితే చాలని మగపెళ్లివారితో అని చూడండి!

ఆ కార్తీకంలో తుపాను కొట్టింది. మునిగిన పొలాల్లో చెరుకు ముందు నరకాలని కమిటీ కొత్త రూలు చేసింది. మూర్తి దాన్ని చోడవరం క్లాసులో రాశాడు. కోటపాడు క్లాసులో మళ్లీ రాశాడు. చీడికాడ దగ్గరికొచ్చేసరికి చెయ్యాగింది. అనుమతి కోసం బంగార్రాజుకు కబురంపితే, వచ్చే మీటింగులో చూద్దామని జవాబొచ్చింది.

చీడికాడలో కౌలుకు చేసుకునే సన్యాసమ్మ చేలో మోకాలిలోతు నీళ్లు. చెరుకు కుళ్లు వాసన కొడుతోంది. ఈ పంట పోతే వచ్చే ఏడు ఆమెకు ఆ పొలం దక్కదు. యంత్రం మాత్రం ఆమె వంతు మాఘంలో అంది. యంత్రానికి తుపాను సంగతి ఎవరు చెప్పారు గనక?

సన్యాసమ్మ మిల్లుకొచ్చింది. మూర్తికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా ఉద్యోగధర్మం కదా, చీడికాడ ఇంకో ఊరి రూలు కింద బతకదనీ, ఆ గౌరవంలో ఆమెకూ వాటా ఉందనీ ఎలాగో వివరించాడు. ఆమె అంతా విన్నది.

"బంగార్రాజు బాబు సేను మా గట్టు పక్కదే బాబూ. కొత్త రూలొచ్చిన మర్నాడే మిల్లు లెక్కల్లో కోటపాడులో అత్తోరి పేర రాయించేసేడు. నిన్న సెరుకంతా బళ్లకెత్తించేసేడు. నాకు కోటపాడులో అత్తోరు లేరు. నానేటి సెయ్యాల?"

చీడికాడ ఆత్మగౌరవం మాత్రం చెక్కుచెదరలేదండి! సన్యాసమ్మ చేలో, నరికే దిక్కు లేక, నీళ్లలో అలాగే నిలబడి ఉంది.